రోలర్ల మధ్య చెయ్యి

"మళ్లీ చెప్పండి పెద్దాయనా. గేటు దగ్గర్నించి వద్దు. ఈ గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నించి చెప్పండి."

అంటూనే ఇన్‌స్పెక్టర్ నాగకుమారి మిల్లు ముందు గొంతుక్కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం ఒంటి గంటా అయిదు. మేట్టుపాళయంలోని నీలమంగై రబ్బర్ వర్క్స్‌లో ఆ ఒక్క గదే మూగగా ఉంది. పక్క షెడ్డులో గ్యాస్ గొట్టాలు పోసే యంత్రాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. చావు జరిగి మూడు రోజులైనా కాలేదు, పని మొదలైపోయింది.

ఆమె ఎదురుగా ఉన్నవి రెండు ఉక్కు రోలర్లు. మనిషి నడుమంత లావు. పక్కపక్కనే పడుకుని లోపలివైపుకి తిరుగుతాయి. పచ్చి రబ్బరుని ఆ సందులో వేసి నలుపుతూ, దాని మీద గంధకం, మట్టి, మిగతా పొడులు చల్లి కలుపుతారు. రెండు వేళ్లు పట్టే ఆ సందులో, సోమవారం పొద్దున, పరీక్షల ల్యాబ్ చూసే కార్తికేయన్ కుడిచెయ్యి మణికట్టు దాకా ఇరుక్కుని కనిపించింది. వయసు ముప్పై ఆరు. పెళ్లి కాలేదు. తల్లి ఒక్కతే.

అణ్ణామలై భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా మిల్లు నడుపుతున్న మనిషి. పేరు తమిళమే గాని ఇంట్లో మాట తెలుగు. నాగకుమారిది యానాం అని తెలిశాక తమిళం వదిలేశాడు.

"సోమారం ఎనిమిదీ పదికి షట్టరు తీసినాను మేడం. లైటేసినాను. కార్తికేయన్ తంబి మిల్లు మీదికి వాలి ఉండాడు. పిలిస్తే పలకలా. దగ్గరికి పోతే చెయ్యి లోపల ఉండాది."

"మిల్లు తిరుగుతోందా?"

"లేదు. నిలిచిపోయి ఉండాది."

"మరి చెయ్యి ఎలా తీశారు?"

"రోలర్లు వెనక్కి తిప్పాల మేడం, ఇంకో దారి లేదు. రివర్స్ బటన్ నొక్కినా. కదల్లా. చూస్తే మిల్లుకి కరెంటు లేదు. ఆడికి పోయి హేండిల్ పైకెత్తినా." గోడకున్న మెయిన్ స్విచ్ పెట్టె వైపు గడ్డం ఊపాడు. "మళ్లా వచ్చి బటన్ నొక్కితే అర చుట్టు వెనక్కి తిరిగింది. చెయ్యి వచ్చేసింది. పట్టుకుంటే చల్లగా ఉండాది."

నాగకుమారి లేచి మిల్లు దగ్గర్నించి స్విచ్ దాకా అడుగులు వేసింది. తొమ్మిది. వెనక్కి వచ్చి, రోలర్ల కింద మోకాలి ఎత్తున అడ్డంగా ఉన్న ఎర్ర కడ్డీని చెప్పు కొసతో తాకింది.

"ఇదేంటి?"

"ట్రిప్ బారు మేడం. చెయ్యి చిక్కుకుంటే మోకాలితో గుద్దాల. టక్కని నిలిచిపోతాది. పైన ఎర్రలైటు పడతాది."

"మళ్లీ తిరగాలంటే?"

"ఆఫీసులో తాళంచెవి ఉంటాది. అది పెట్టి తిప్పినాకనే. లేకుంటే ముందుకీ రాదు, వెనక్కీ పోదు."

"సోమవారం ఆ తాళంచెవి తెచ్చారా?"

అణ్ణామలై ఎర్ర కడ్డీ వైపు చూశాడు. తువ్వాలు నలుపుతున్న వేళ్లు ఆగాయి.

"తేలేదు మేడం," అన్నాడు.

"హేండిల్ ఎత్తాక ఎర్రలైటు పడిందా?"

"లేదు."

"అంటే ఈ బారుని ఎవరూ గుద్దలేదు. మిల్లు ఆగింది ఆ గోడ దగ్గర. ఒక చెయ్యి ఇందులో ఉన్నవాడు తొమ్మిది అడుగుల అవతల హేండిల్ ఎలా దించుతాడు?"

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, నాకు తోచనే లేదే! ఆ బిడ్డ చెయ్యి తీసే తొందరలో..."

"ఈ మాట స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పారా?"

"ఆయన అడగలా మేడం. రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టినా."

నాగకుమారి బారుని మోకాలితో గట్టిగా గుద్దమంది. అణ్ణామలై మిల్లు తిప్పి, గుద్దాడు. రోలర్లు పావు చుట్టు కూడా తిరక్కుండా నిలబడ్డాయి. పైన ఎర్రలైటు పడింది. బారు బాగానే ఉంది.

నిన్న సాయంత్రం కార్తికేయన్ తల్లి ధనభాగ్యం అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. ఎస్పీ ఆఫీసు వరండాలో రెండు రోజులు కూర్చుని కేసుని క్రైం బ్రాంచికి మార్పించుకున్న మనిషి ఆవిడ. "వాడు చేతులు చూసుకునే బిడ్డ మేడం. గోరు విరిగితే నూనె రాసుకుంటాడు. మిషన్లో చెయ్యి పెట్టేవాడు కాదు. మీరు యాడైనా అడగండి." పోలీసులు ఇలాంటి మాటలు రోజూ వింటారు. ఏ తల్లయినా అంతే అంటుంది. కానీ ఈ తల్లి చెప్పింది నిజం.

షట్టరు దగ్గర బూట్ల చప్పుడైంది.

వచ్చింది ఇద్దరు. ముందు, ఈ కేసు మొదట చూసిన స్థానిక ఇన్‌స్పెక్టర్ ఎళిలరసన్. వెనక కంపెనీ యజమాని ముకుందన్, తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. రెండేళ్ల కిందటి దాకా అతను ఇళ్ల స్థలాలు అమ్మేవాడు. ఈ ఫ్యాక్టరీ కొన్నాక కూడా మిల్లు గదిలోకి వచ్చింది చాలా తక్కువ అని కార్మికులు చెప్పారు.

"మేడం ప్రయోగాలు చేస్తున్నారు," అన్నాడు ఎళిలరసన్ తమిళంలో. "నేను మూడు గంటల్లో తేల్చిన దాన్ని మళ్లీ తవ్వడం దేనికి?"

"తేల్చారా, మూశారా?" అదే తమిళంలో అడిగింది నాగకుమారి. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆమె తమిళం ఎవరికీ తీసిపోదు.

"ఆదివారం రెండూ అయిదుకి లోపలికొచ్చాడు. గేటు పుస్తకంలో బండి నంబరుంది. ఒక్కడే పని చేశాడు. సోమవారం కొనేవాళ్లు శాంపిల్ చూడ్డానికి వస్తున్నారని హడావుడి. మూడున్నరకి షీటు ప్రెస్సులో పెట్టాడు. అయిదూ నలభైకి టెస్టు చేశాడు. ఇంకో బ్యాచ్ కలుపుదామని ఆరింటికి మిల్లు వేశాడు. చెయ్యి పోయింది. ఆ అదురుకి గుండె ఆగి ప్రాణం పోయింది. ఇందులో మీకు అర్థం కానిదేంటి?"

ముకుందన్ ఫైలు తెరిచి ఒక కాగితం అందించాడు. గొంతు మెత్తగా ఉంది. "ఇదే మేడం ఆ రిపోర్టు. పాపం, చివరి పని కూడా శుభ్రంగా చేసిపోయాడు. ఆ రోజు నేను నాలుగు నుంచి తొమ్మిది దాకా ఇందిరా నగర్‌లో మా బంధువుల చెవులు కుట్టే ఫంక్షన్లో ఉన్నాను. ఉంటే ఇలా జరగనిచ్చేవాడినా?"

నాగకుమారి కాగితం చదివింది. రబ్బరు షీటు నుంచి డంబెల్ ఆకారంలో అయిదు ముక్కలు కోసి, తెగేదాకా లాగిన లెక్క అది. తేదీ ఆదివారం. టైము అయిదూ నలభై. అయిదు ముక్కలూ పాస్. కింద సంతకం లేదు. పేరు మాత్రం అచ్చు వేసి ఉంది.

"ల్యాబ్‌లో ప్రెస్సు పైన కార్తికేయన్ చేత్తో రాసి అంటించిన అట్ట ఉంది. చూశారా ముకుందన్ గారూ?"

"ఏ అట్ట?"

"ప్రెస్సు నుంచి తీసిన షీటు పదహారు గంటలు పడుకోవాలి, తర్వాతే పరీక్ష. వేడిలో ఉడికిన రబ్బరు లోపల కుదుటపడ్డానికి అంత టైము కావాలట. అంతకుముందు లాగితే వచ్చే అంకె అబద్ధం. మూడున్నరకి పెట్టిన షీటుని అయిదూ నలభైకి లాగేశాడా?"

"తొందర మేడం," అన్నాడు ఎళిలరసన్. "తొందరలో మనిషి అట్ట చూస్తాడా?"

"పొద్దున పదింటి నుంచి నేను అతని రిజిస్టర్లే చూశాను. నాలుగేళ్లు. పదకొండు వందల పైన పరీక్షలు. ప్రెస్సులోంచి తీసిన గంట ఒక గడిలో, లాగిన గంట పక్క గడిలో. ఒక్కటంటే ఒక్కటి పదహారుకి తక్కువ లేదు. తుఫాను వచ్చి కరెంటు పోయిన రోజున కూడా మర్నాటి దాకా ఆగాడు. అలాంటి మనిషి చివరి రోజున రెండు గంటల్లో కానిచ్చాడంటే నేను నమ్మను. ఈ కాగితం రాసినవాడికి రబ్బరు గురించి ఏమీ తెలీదు."

ముకుందన్ కాగితం కోసం చెయ్యి చాపాడు. నాగకుమారి దాన్ని మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

ఎళిలరసన్ నవ్వాడు. "కోర్టులో ఇది చెప్పండి. జడ్జిగారు ఇంటికెళ్లి దోసెల పిండి పదహారు గంటలు పులియబెట్టుకుంటారు. ఒక రిజిస్టరు, ఒక అట్ట. ఇంతేనా మీ దగ్గరున్నది?"

ఆ నవ్వు ఆమెకి మండింది. ఇదే మనిషి రెండేళ్ల కిందట ఒక మీటింగ్‌లో అందరి ముందూ, యానాం నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడి నేరాలు అర్థం కావడానికి తరం పడుతుందన్నాడు. ఆ రోజు పై అధికారులు ఉన్నారని ఊరుకుంది. ఇవాళ ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

"ఇంకొకటి ఉంది. మిల్లు ఆగింది ట్రిప్ బారుతో కాదు. గోడ దగ్గర ఎవరో మెయిన్ దించారు. కార్తికేయన్ చెయ్యి రోలర్లలోకి వెళ్లినప్పుడు ఈ గదిలో ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు."

"ఎవరు చెప్పారు?"

"దించిన హేండిల్‌ని ఎత్తిన మనిషి. ఆ హేండిల్ కిందికి ఉండడం చూసింది లోకంలో ఈయనొక్కడే." అణ్ణామలై భుజం మీద చెయ్యి వేసింది. "ఈయన కోర్టులో చెబుతాడు."

ఎళిలరసన్ నవ్వు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు. అతను అణ్ణామలైని కింది నుంచి పైదాకా, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మంచిది," అన్నాడు చివరికి. గొంతులో వెటకారం లేదు. "అయితే నేను తప్పు చేశాను. పాత స్టేట్‌మెంట్ నా స్టేషన్లో ఉంది. దాన్ని సరిదిద్దాలంటే ఈయన అక్కడే సంతకం పెట్టాలి. కేసు ఫైలు రేపటికి గాని మీ చేతికి రాదు. ఇవాళే రాయించి, దాంతో కలిపి పంపుతాను. మీకూ అదే కదా కావలసింది?"

రూలు ప్రకారం మాట సరిగ్గానే ఉంది. నాగకుమారికి గెలిచినట్టనిపించింది. "వెళ్లిరండి పెద్దాయనా. నాకు చెప్పింది చెప్పినట్టే చెప్పండి," అంది.

అణ్ణామలై తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎళిలరసన్ వెనకాలే వెళ్లాడు. జీపుకి డ్రైవర్ లేడు, ఎళిలరసన్ తానే నడుపుకొచ్చాడు. టైము ఒంటి గంటా యాభై. ముకుందన్ ఫోను చెవికి ఆనించుకుని మేడ మీది ఆఫీసుకి వెళ్లిపోయాడు.

*

ల్యాబ్‌లో హేమమాలిని ఒక్కతే ఉంది.

ముప్పై దాటని అమ్మాయి. నటేశన్ నగర్‌లో ఇల్లు, ఇంట్లో మాట తెలుగే. కంపెనీ పరిశోధన కెమిస్టు. గొట్టం లోపలి పొరకి వాడే మట్టి రబ్బరు తయారుచేసే పద్ధతి ఆమెదే. పొద్దుట్నించి నాగకుమారి ఏది అడిగినా "యెస్ మేడం, నో మేడం" తప్ప ఇంకో మాట రాలేదు. ఆదివారం ఎక్కడున్నావంటే, ఇంట్లో అంది. కనిపించకుండా పోయిన కార్తికేయన్ సొంత నోటుపుస్తకం ఎక్కడంటే, తెలీదంది.

నాగకుమారి ప్రెస్సు చూసింది. షీటు లాగే యంత్రం చూసింది. తర్వాత కిటికీ పక్క అలమరలో, వెనక వరసలో, ఆరు గాజుసీసాల దగ్గర ఆగింది. మూతలు బిగించి ఉన్నాయి. రంగులేని ద్రవంలో నల్లటి బిళ్ల ఒక్కోదాంట్లో ఒక్కోటి. చూడ్డానికి నీళ్లలా ఉంది గాని, మూత దగ్గర ముక్కు పెడితే తల తిరిగే వాసన.

"ఇవేంటి?"

హేమమాలిని తలుపు వైపు చూసింది. "స్వెల్లింగ్ టెస్ట్ మేడం. రబ్బరు ముక్కని టొలూన్ అనే ద్రావకంలో వేస్తాం. అది తాగి ఉబ్బుతాది. మట్టి బాగా కలిసిన రబ్బరు తక్కువ తాగుతాది. కలవని రబ్బరు ఎక్కువ తాగుతాది."

"మట్టి కలిస్తే ఎందుకు తక్కువ తాగుతుంది? నాకు అర్థమయ్యేలా చెప్పు. తెలుగులోనే చెప్పు."

ఆ అమ్మాయి మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. చెప్పడం మొదలుపెట్టాక గొంతు మారింది. ఇష్టమైన పని గురించి చెప్పే గొంతు.

"అప్పళాల కట్ట ఉంటాది గదా మేడం. ఈ మట్టి అట్టా ఉంటాది, రేకు మీద రేకు. వెంట్రుకలో వెయ్యోవంతు కూడా ఉండదు ఒక్కో రేకు మందం. మామూలు మట్టి కలిపితే కట్టలు కట్టలుగానే ఉండిపోతాది. మేము ముందే మందు పట్టించిన మట్టి తెస్తాం. మిల్లులో రబ్బరు ఆ రేకుల మధ్యకి పోయి, అప్పళాలు విడదీసినట్టు విడదీస్తాది. అప్పుడు గొట్టంలో గ్యాసు బయటికి రావాలంటే ప్రతి అప్పళం చుట్టూ తిరిగి రావాల. దారి దొరకదు. అందుకే ఆ గొట్టానికి గ్యారంటీ."

"ఆ మట్టి ఇక్కడ ఉందా?"

"నాలుగు నెలల్నించి డ్రమ్ములు రాలేదు మేడం."

"గొట్టాలు మాత్రం వెళ్తున్నాయి."

"వెళ్తా ఉండాయి."

"ఎక్కడికి?"

"హోటళ్లకి. కల్యాణ మండపాలకి. హాస్టళ్ల వంటిళ్లకి." ఆమె సీసాల వైపు చూపించింది. "మూడు సీసాల్లో ఉండేవి నా పాత షీటు ముక్కలు. ఇంకో మూడు, ఇప్పుడు బయటికి పోతా ఉండే గొట్టంలోంచి కోసినవి."

సీసాల మీద చిన్న కాగితం చీటీలు. ద్రవం తగిలితే సిరా కరిగిపోతుందని పెన్సిలుతో రాసినవి. తమిళంలో 'ఆదివారం' అని ఒక మాట, కింద ముక్క మొదటి బరువు. అంతే. కార్తికేయన్ చేతిరాతని నాగకుమారి పొద్దుట్నించి చూస్తూనే ఉంది.

"నోటుపుస్తకం తీసుకుపోయినవాడికి ఈ సీసాలు ఏంటో తెలియలేదు," అంది. "ఇప్పుడు తూచు."

హేమమాలిని చేతి తొడుగులు వేసుకుంది. పట్టకారుతో మొదటి ముక్క తీసి, వడపోత కాగితం మధ్య అద్ది, మూతగిన్నెలో వేసి, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టింది. అర గ్రాము ముక్క ఒకటి పాయింటు పదిహేను గ్రాములకి ఉబ్బింది. రెండోది అంతే. మూడోది అంతే. తర్వాత గొట్టం ముక్కలు. అదే అర గ్రాము. ఒకటీ అరవై నాలుగు. ఒకటీ అరవై ఒకటి. ఒకటీ అరవై ఆరు. పట్టకారుతో పట్టుకుంటే చివరి ముక్క జావలా వంగిపోయింది.

ఇంక చెప్పించుకోవలసిన పని లేదు. ఊళ్లో పొయ్యిల వెనక వేలాడుతున్న గొట్టాల్లో ఆ మట్టి లేదు. కార్తికేయన్ ఆ సంగతి రుజువు చేయడానికే ఆదివారం వచ్చాడు.

"రాయి," అంది నాగకుమారి. "పైన తేదీ, గంట, ఎంతసేపు నానిందో రాసి, నీ సంతకం పెట్టు."

హేమమాలిని తెల్లకాగితం మీద రాయసాగింది. అంకెలు, గీతలు, పట్టిక. చాలా ఏళ్ల అలవాటు మీద చెయ్యి దానంతటదే పోతోంది. నాగకుమారి ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడింది. 'నానిన సమయం' అన్న చోట ఆ చెయ్యి ఆగకుండా రాసింది: డెబ్బై రెండు గంటల పది నిమిషాలు.

నాగకుమారి గోడ గడియారం చూసింది. రెండూ యాభై.

సీసా చేతిలోకి తీసుకుని చీటీ ఇంకోసారి చదివింది. ఆదివారం. బరువు. గంట రాసి లేదు.

"హేమా," అంది మెల్లిగా. "ఇవి టొలూన్‌లో పడింది ఆదివారం రెండూ నలభైకి. ఆ మాట దీని మీద లేదు. నోటుపుస్తకంలో ఉండి ఉంటుంది. ఆ పుస్తకం లేదు. నీకెలా తెలుసు?"

పెన్ను కాగితం మీద నిలిచిపోయింది. సిరా చుక్క లావెక్కుతూ వచ్చింది.

"ఆదివారం ఇంట్లో ఉన్నానన్నావు."

ఆ అమ్మాయి లేవలేదు, ఏడవలేదు. పెన్ను మూత పెట్టి పక్కన ఉంచింది. "నేను గడియారం చూసి చెప్తా ఉంటే, ఆయన రాసుకున్నాడు," అంది. "ఆయన బండి మీదనే వచ్చినా. వాచ్‌మన్ బండి నంబరు ఒకటే రాసినాడు."

"మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదు?"

"ఎవరితో చెప్పేది మేడం?" మొదటిసారి గొంతు లేచింది. "పోలీసుతోనా?"

నాగకుమారి స్టూలు లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగని చోట మనిషి తనంతట తానే చెప్పుకుపోతాడని ఆమె అనుభవం.

"శనివారమే ఆయన స్టేషన్‌కి ఫోన్ చేసినాడు. గొట్టాలు మోసం, నా కాడ రుజువుండాది, ఎవరికైనా గ్యాసు అంటుకునే లోపల ఆపండి అని. ఆదివారం వచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటాం, ఫ్యాక్టరీలోనే ఉండు అన్నారంట. మూడూ ఇరవైకి బండి చప్పుడైంది. 'నువ్వు వెనక షట్టర్లో నుంచి ఇంటికి పో హేమా, ఆడపిల్లవి, నీ పేరు ఎందుకు, నేను మాట్లాడతా' అన్నాడు. పోయినా. గోడ సందులో నుంచి చూసినా."

"ఎవరొచ్చారు?"

"పోలీసు జీపు. పోలీసు బండిని ఏ వాచ్‌మన్ రాస్తాడు మేడం? ముందు సీట్లో నుంచి ఇన్‌స్పెక్టర్ దిగినాడు. ఇప్పుడు ఈడికి వచ్చి పోయినాడే, ఆయన." ఆమె గొంతు తగ్గించింది. "అదే జీపు వెనక డోర్ తీసుకుని మా ఓనర్ దిగినాడు."

నాగకుమారి చెయ్యి ఫోను మీదికి పోయింది.

"ఏం జరిగిందో చూడలేదు. నేను పోయేసినా. సోమారం పొద్దున ఆ ఇన్‌స్పెక్టరే వచ్చి ఆక్సిడెంట్ అని రాసుకున్నాడు. ఆయన కాడికి పోయి నేను ఏంది చెప్పేది? మీరు వచ్చినారు. మీరూ ఆయన మాదిరేనేమో అనుకున్నా."

మిగతా మాటలు నాగకుమారి వినలేదు. ఆమె చెవుల్లో తన గొంతే మోగుతోంది. *లోకంలో ఈయనొక్కడే.* గెలవాలన్న తొందరలో ఒక ముసలివాడి భుజం మీద చెయ్యి వేసి, సాక్షి ఇతనేనని హంతకుడికి చూపించింది. వెళ్లిరండి పెద్దాయనా అని తానే జీపెక్కించింది.

ఫోను తీసింది. అణ్ణామలై నంబరు స్విచ్చాఫ్.

రెండోసారి స్విచ్చాఫ్.

స్టేషన్‌కి చేసింది. ఎత్తింది రైటర్, ఆదికేశవన్ అనే హెడ్ కానిస్టేబుల్.

"క్రైం బ్రాంచి నాగకుమారిని. మీ ఇన్‌స్పెక్టర్ వచ్చారా?"

"వచ్చారు మేడం. రెండూ ఇరవైకే వచ్చారు."

ఇక్కడ్నించి అక్కడికి పదిహేను నిమిషాలు. ఒంటి గంటా యాభైకి బయల్దేరిన జీపు రెండూ అయిదుకి చేరాలి. మిగిలిన పదిహేను నిమిషాలు యాడ పోయాయి? హేమమాలిని యాస తన నోట్లోకి వచ్చిందని కూడా ఆమెకి తెలియలేదు.

"వెంట ఒక పెద్దాయన ఉండాలి. తెల్లపంచె, భుజాన తువ్వాలు. స్టేట్‌మెంట్‌కి తెచ్చారు."

అవతల ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు.

"లేదు మేడం. అయ్య ఒక్కరే దిగారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"బట్టలు మార్చుకుని వెంటనే బయటికెళ్లారు మేడం. ఎవరో ఓనర్ని కలవాలన్నారు. మీ దగ్గరికే అనుకుంటాను, మేట్టుపాళయం అన్నారు."

నాగకుమారి లేచి ల్యాబ్ తలుపు దగ్గరికి నడిచింది. లోపలివైపు గడియ వేసింది. హేమమాలినిని కిటికీకి దూరంగా, గోడ మూలకి వెళ్లమని చేత్తో సైగ చేసింది.

"ఆదికేశవన్ గారూ, జాగ్రత్తగా వినండి. ఆయన వాడిన జీపు ఎక్కడుంది?"

"ఇక్కడే ఉంది మేడం, వాకిట్లో. అయ్య కడగమని చెప్పి, తన బండి మీద వెళ్లారు."

"కడగొద్దు! చుక్క నీళ్లు పడకూడదు. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!"

ఆదికేశవన్ గొంతులో భయం అప్పుడే మొదలైంది.

"వెనక సీటు కింద బాగా రుద్దమన్నారు మేడం. కడిగి అరగంటయింది."